మెచ్చుకోలు ఫోల్డరు

మా ఇంట్లో ఎవరైనా మర్యాదగా మాట్లాడారంటే అవతలివాళ్లు ఏదో తప్పు చేశారని అర్థం. నేను ఆలస్యంగా నిద్ర లేచిన రోజున మా అమ్మ "లేచినవా మేడం? చాయ్ మంచం కాడికే తెమ్మంటవా?" అని అడిగేది. ఆ మాట చెవిన పడగానే దుప్పటి తన్ని లేచేదాన్ని. మా నాయిన ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్లు లింగంపల్లి నుంచి కోఠి దాకా టికెట్లు కొట్టాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ని చూసి "తమరు జర లోపలికి దయచేస్తే బండి కదుల్తది సార్" అంటే బస్సంతా నవ్వేది, వాడు తల దించుకుని లోపలికి వచ్చేవాడు. వెటకారం మాకు ఉప్పూ కారంలా రోజూ వాడే సరుకు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను వెటకారాన్ని మెచ్చుకోలు అనుకుని రెండేళ్లపాటు ఫోల్డరు పెట్టి మరీ దాచుకున్నాను. తప్పంతా నా ఇంగ్లీషుదేనని ఆఫీసులో అందరూ అన్నారు. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాది సర్కారు బడి చదువు. ఆ బడిలో ఇంగ్లీషు అంటే సెలవు చీటీ. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలుపెట్టి "యువర్స్ ఒబీడియంట్లీ" అని ముగించాలి. జ్వరం వచ్చినా, అక్క పెళ్లి అయినా, పొలంలో పని ఉన్నా జ్వరమే రాసేవాళ్లం, ఎందుకంటే మాకు వచ్చిన చీటీ అదొక్కటే. ఆ భాష దండం పెట్టడానికి ఉన్నదని నా బుర్రలో పడిపోయింది. అందులో తిట్టుకోవచ్చని తర్వాత తెలిసింది. దండం పెడుతూ తిట్టవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక టవర్లో, తొమ్మిదో అంతస్తు. నేను చేసేది టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా పని. పుట్టుకతో వచ్చిన గుణానికి జీతం ఇస్తున్నారని అమ్మ అనేది. మేం పని చేసిపెట్టేది లండన్‌లోని ఒక బీమా సంస్థకి. నేను పట్టిన తప్పుల గురించి ఆ సంస్థ వాళ్లతో కాల్‌లో మాట్లాడేది మాత్రం టీమ్ లీడ్. ఏ తప్పు పెద్దది, ఏది చిన్నది, దేనికోసం పని ఆపాలి అన్నది ఆ కాల్‌లోనే తేలుతుంది. మూడు రోజులు కూర్చుని పట్టిన తప్పును ఇంకొకరు అర నిమిషంలో "మైనర్ ఇష్యూ" అని చెప్పి దాటేస్తుంటే మ్యూట్‌లో కూర్చుని పళ్లు కొరికేదాన్ని. అందుకే నాకు లీడ్ కావాలని ఉండేది. నా తప్పుల తరఫున నేనే మాట్లాడాలని. రెండేళ్లు వరుసగా నా పేరు లీడ్‌కి వెళ్లింది, రెండేళ్లూ వెనక్కి వచ్చింది. కారణం ఒకే మాట: కమ్యూనికేషన్. మూడో ఏడు ఆ మాట అనిపించుకోకూడదని పట్టుబట్టాను.

నా పక్క సీటులో కూర్చునే అమ్మాయిది కాకినాడ. కాన్వెంటు చదువు. మేమిద్దరం ఒకే నెలలో చేరాం. తను నిజాంపేటలో హాస్టల్లో ఉండేది, తర్వాత అక్కడే ఫ్లాట్ తీసుకుంది. మధ్యాహ్నం ఇద్దరి డబ్బాలూ కలిపి తినేవాళ్లం. మా అమ్మ చేసిన సర్వపిండి తనకి, వాళ్లింటి నుంచి వచ్చిన పులస ఇగురు, పచ్చళ్లు నాకు. మా నాయినకి గుండెలో స్టెంట్ వేసినప్పుడు దవాఖానలో రెండు రోజులు నాతో పాటు బల్ల మీద కూర్చుంది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదంతా నాకు ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది. అందుకని తను చెప్పిన అర్థాన్ని అనుమానించడం నాకు తోచలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి, ఆ రెండు రోజులు తను నాకు అక్షరం అబద్ధం చెప్పలేదు.

నేను ఏ మెయిల్ రాసినా పంపే ముందు తన వైపు తెర తిప్పేదాన్ని. తను కుర్చీ జరుపుకుని వచ్చి "ఇక్కడ 'ద' పెట్టవే, ఇక్కడ తీసెయ్" అనేది. నా మెయిళ్లు పొడుగు. ఒక తప్పు కనబడితే అది ఎప్పుడు పుట్టింది, ఎక్కడ దాక్కుంది, ఎవరు దాన్ని ముందు చూసి వదిలేశారు, మొత్తం రాస్తాను. పోలీసులు పంచనామా రాసినట్టు ఉంటుంది. ఒక్కొక్కటి పన్నెండు, పదమూడు పేరాలు. లీడ్ సెలవులో ఉన్నప్పుడు ఒకసారి నేరుగా లండన్‌లోని మేనేజరుకి పంపాల్సి వచ్చింది. ఆమె నలభై దాటిన మనిషి, కాల్‌లో గొంతు మెత్తగా ఉండేది. ఆ సాయంత్రమే నా ఒక్కదానికే జవాబు రాసింది.

"థాంక్యూ ఫర్ దిస్ ట్రూలీ ఎపిక్ మెయిల్. ఐ షల్ ట్రెజర్ ఇట్."

నాలుగుసార్లు చదివాను. ఎపిక్ అంటే రామాయణం, భారతం లాంటిదని బడిలో చెప్పారు. ట్రెజర్ అంటే నిధి. నా పంచనామాను ఒక దొరసాని నిధిలా దాచుకుంటానంటోంది. నమ్మబుద్ధి కాక పక్కకి తిరిగాను.

"ఇది నిజంగ మంచిగనే అన్నదా? జర చూడవే."

తను చదివింది. "ఉండు, డిక్షనరీలో ఒకసారి చూస్తాను" అని ఫోన్ తీసి నా తెరకు ఎదురుగా పట్టుకుని కాసేపు నొక్కింది. తర్వాత నవ్వింది. "మంచిదేనే బాబూ! లండన్ వాళ్ల నోటి నుంచి ఇలాంటి మాట రావడం ఎంత కష్టమో తెలుసా? పోగొట్టుకోకు. అప్రైజల్‌కి పనికొస్తుంది."

మా కంపెనీల్లో ఇదొక ఆచారం. క్లయింటు మెచ్చుకుంటూ ఏ ముక్క రాసినా దాన్ని పారేయరు. 'అప్రిసియేషన్స్' అని ఒక ఫోల్డరు చేసి అందులో దాస్తారు. ఏప్రిల్‌లో మన గురించి మనమే పొగుడుకుంటూ ఒక ఫారం నింపాలి, దానికి వెనక ఈ మెయిళ్లు సాక్ష్యంగా తగిలించాలి. కొందరైతే క్లయింటును బతిమాలి మరీ రెండు మంచి ముక్కలు రాయించుకుంటారు. నా ఫోల్డరు ఆరేళ్లుగా ఖాళీగా ఉండేది. ఆ రోజు దాని పక్కన ఒకటి అనే అంకె పడింది.

ఆ మెయిల్‌ని ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్లాను. నల్లగండ్లలో అపార్ట్‌మెంట్ల వెనక ఇంకా మిగిలిన పాత ఊళ్లో మా ఇల్లు. నాయినకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అర్థం నేను చెప్పాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"గింత మర్యాద ఎందుకు చేస్తున్నదే ఆమె?" అన్నాడు.

"నచ్చింది కాబట్టి."

"నచ్చితే మంచిగున్నదంటరు. గిట్ల నిధి, నిక్షేపం అంటరా? అతి వినయం ధూర్త లక్షణం బిడ్డా."

"నాయినా, అది నీ కోఠి బస్సు కాదు, లండన్" అన్నాను. కోపంగానే అన్నాను. ఆయన కాగితాన్ని మడిచి కరెంటు బిల్లుల సంచిలో పెట్టాడు. ఆయనకేం తెలుసులే అని నేను తిని పడుకున్నాను.

ఆ తర్వాత నా రిపోర్టులు నేరుగా ఆమెకే పంపసాగాను, ఆమె నాకు తరచుగా రాసేది. రిలీజు రోజున, అంటే ప్రోగ్రాము జనం చేతికి వెళ్లే రోజున, అన్నీ మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలని నేను పట్టుబడితే "వాట్ ఏ బ్రేవ్ సజెషన్" అంది. నాది ధైర్యమంటే నాకు ఎంత గర్వమో! ఇంకో పొడుగు మెయిల్‌కి "ఐ డూ అడ్మైర్ యువర్ స్టామినా" అని వచ్చింది. ఒకసారి నా రిపోర్టు ఒక పూట ఆలస్యమైతే "ప్లీజ్, టేక్ ఆల్ ద టైమ్ యూ నీడ్. ఇట్స్ ఓన్లీ ద రిలీజ్" అంది. ఎంత మంచి మనిషి, తొందర పెట్టకుండా ఆగుతోంది అనుకుని నేను నిజంగానే ఇంకో పూట తీసుకున్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. "అనదర్ చాప్టర్! హౌ జెనరస్" అని మరోసారి. వచ్చిన ప్రతిసారీ పక్కకి తిరిగాను. ప్రతిసారీ తను ఫోన్ తీసింది, డిక్షనరీ చూసింది, నవ్వి "దాచుకోవే" అంది.

మార్చి చివర్లో ఫారం నింపే రోజులు వచ్చాయి. పోయిన ఏడు రెండే ఉన్నాయని పెట్టలేదు, ఈసారి ఫోల్డర్లో పదకొండు ఉన్నాయి. అన్నీ పెడతానన్నాను. తను నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూసింది. "ఏడు చాలు. ఎక్కువైతే ఆత్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది" అని ఏడింటిని ఎంచి పెట్టింది. కమ్యూనికేషన్ అన్న గడిలో నేను రాసుకున్న వాక్యాన్ని కూడా దిద్దింది. క్లయింటు నా మెయిళ్లను పలుమార్లు ప్రత్యేకంగా మెచ్చుకుందని, సాక్ష్యాలు జతపరిచానని రాసి ఉంది అందులో. సబ్మిట్ నొక్కి ఇద్దరం కింద ఫుడ్ కోర్టులో ఇరానీ చాయ్ తాగాం. ఆ ఏడు లీడ్ రేసులో తన పేరు కూడా ఉందని నాకు తెలుసు. "నీకొస్తే నాకొచ్చినట్టే" అని తనే అంది.

అప్రైజల్ మాట్లాడటానికి మా మేనేజరు చిన్న అద్దాల గదిలోకి పిలిచాడు. ఆయనది కూడా కోస్తా వైపే, అందరినీ అండీ అని పిలుస్తాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు గానీ నా నోటికి రాదు. సార్ అంటే నవ్వుతారని, ఏమీ అనకుండానే వాక్యాలు ముగిస్తుంటాను. ఆయన నా ఫారం తెర మీద తెరిచాడు. పని గురించి మంచిగా చెప్పాడు. కమ్యూనికేషన్ గడి దగ్గరికి వచ్చి మొదటి మెయిల్ తెరిచాడు, చూశాడు, ముక్కు రుద్దుకున్నాడు. రెండోది తెరిచాడు. దగ్గాడు. మూడోదాని మీద బాణం గుర్తు పెట్టి, ఇంకా నొక్కకుండానే అన్నాడు:

"ఇది ఆ స్టామినా మెయిలా అండీ?"

అవునన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది. ఆ మెయిల్ ఆమె నా ఒక్కదానికే రాసింది. నేను ఎవరికీ పంపలేదు.

"మీకెట్ల తెలుసు?"

ఆయన తడబడ్డాడు. "అదే... గ్రూపులో వచ్చింది కదండీ."

"ఏ గ్రూపు?"

"మన టీమ్ గ్రూపు... మీరు లేరా అందులో?"

ఆయన ముఖం చూస్తే నటన కాదని తెలుస్తోంది. నేను ఉన్నాననే అనుకున్నాడు. చూపించమని అడిగాను. వద్దండీ అన్నాడు. నేను చేయి చాచి అలాగే ఉంచాను. చివరికి ఫోన్ ఇచ్చాడు.

గ్రూపు పేరు 'నవలారాణి అభిమాన సంఘం'. ఎనిమిది మంది. మా టీమ్‌లో నేను కాక ఉన్నవాళ్లంతా ఎనిమిది మందే. పైకి తోస్తూ పోయాను. నాకు వచ్చిన మెయిళ్ల ఫోటోలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. "నిధి" అన్న మెయిల్ కింద కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు ఇరవై. "ఇట్స్ ఓన్లీ ద రిలీజ్" అన్నదాని కింద ఎవరో "పాపం, ఇంకో పూట తీసుకుందట రా!" అని రాశారు. అన్నీ నా తెరకు తీసిన ఫోటోలే. ఒకదాంట్లో మూలన నా మోచేయి ఉంది. నీలం రంగు కుర్తా చేతి అంచు కనబడుతోంది. నేను తనను అర్థం అడుగుతున్నప్పుడు తీసినది. డిక్షనరీ చూస్తానని ఫోన్ పట్టుకున్నది దీనికన్నమాట.

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. మేనేజరు నీళ్లు తాగమన్నాడు. తాగాను. "ఎవరు చెప్పారండీ మీకు, ఇవి అప్రిసియేషన్స్ అని?" అని అడిగాడు జాలిగా. ఆ జాలి నాకు ఒళ్లు మండించింది. చెప్పలేదు. చాడీ చెప్పి లీడ్ తెచ్చుకున్నాననిపించుకోవడం ఇష్టం లేక చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. తన పేరు నా నోటితో చెబితే అది నిజమైపోతుందని భయపడ్డాను. ఆయన ఫారం మూసేస్తూ, మర్యాదగా, కమ్యూనికేషన్ మీద ఇంకొంచెం దృష్టి పెట్టాలన్నాడు.

తను మామూలుగానే డబ్బా పట్టుకుని ఫుడ్ కోర్టులో కూర్చుని ఉంది. మూత తీసి నాకోసం సగం వంచుతోంది.

"నవలారాణి ఎవరే?" అన్నాను.

వంచుతున్న చేయి ఆగింది. తర్వాత మెల్లగా అంది, "మొదటిసారి నాకూ సరిగ్గా తెలీలేదే. ఒట్టు. మంచిగా అందేమో అనుకున్నాను. రెండోసారికి అర్థమైంది. అప్పటికే నువ్వు ప్రింటు తీసి మీ నాన్నగారికి చూపించేశావు. అంత సంతోషంగా ఉన్నదానివి. ఎలా చెప్పమంటావు?"

"చెప్పలేకపోతే ఊకుండాలె. గ్రూపు ఎందుకు పెట్టినవ్?"

"సరదాకే. నిన్ను అవమానించాలని కాదు. అందరికీ నువ్వంటే ఇష్టమే."

"ఇష్టముంటే నన్నెందుకు చేర్చలే?"

తను మూత మళ్లీ బిగించింది. "నువ్వు వాటిని అప్రైజల్లో పెడతావని నాకేం తెలుసు?" అంది.

అక్కడ నాకు దుఃఖం ఆగిపోయి కోపం వచ్చింది. "ఏడు చాలన్నదెవరు? ఏరి పెట్టిందెవరు?" అని అరిచాను. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. తను "ప్లీజ్, లో వాయిస్" అంది. తన కళ్లలో నీళ్లు ఉన్నాయి. నాకు ఆ నీళ్ల మీద కూడా నమ్మకం కలగలేదు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను గానీ, కోసినవాళ్లు ఏడుస్తారని ఎక్కడా చదవలేదు. డబ్బా అక్కడే వదిలి పైకి వెళ్లిపోయాను.

నెల తిరక్కుండా తను లీడ్ అయింది. అభినందనల మెయిల్ టీమంతటికీ వచ్చింది. ఒక్కొక్కరూ "వెల్ డిజర్వ్‌డ్" అని జవాబులు రాశారు. నేను కూడా రాయాలి కదా. ఆ రెండు మాటలు టైపు చేసి చాలాసేపు చూశాను. నేను ఏ ఉద్దేశంతో రాసినా అవి అలాగే కనబడతాయి. అప్పుడు అర్థమైంది, ఈ భాషలో ఎంత సుఖం ఉందో. పంపకుండా చెరిపేశాను. ఇంట్లో నాయిన "లీడ్ ఏమాయె?" అని అడిగితే "రాలే" అన్నాను. ఎవరికొచ్చిందని అడిగాడు. దవాఖానలో నాతో పాటు కూర్చున్న పిల్లకేనని చెప్పాను. "మంచిపిల్ల. పోనీలే" అన్నాడు. ఆయనకి మిగతాది చెప్పలేకపోయాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని తిట్టుకోవడానికైనా పక్కన ఒక మనిషి ఉండాలి. అలాంటి మాటలు నేను ఇంతకాలం చెప్పుకున్నది తనకే.

జూన్‌లో లండన్‌లో గొడవైంది. బీమా సంస్థ పంపిన ఉత్తరాలు కట్టలు కట్టలుగా వెనక్కి రాసాగాయి. చిరునామా పొడుగైతే ఫ్లాట్ నంబరు ఉన్న వరుస అచ్చు కావడం లేదు. ఆ తప్పును నేను ఫిబ్రవరిలోనే పట్టాను. నా మెయిల్లో పదకొండో పేరాలో ఉంది. "అనదర్ చాప్టర్" అన్నది ఆ మెయిల్‌కే. వాళ్లు వెతుక్కుని వెతుక్కుని ఆ పేరా దగ్గరికి వచ్చినట్టున్నారు. ఒక మధ్యాహ్నం ఆమె నుంచి నాకు మెయిల్ వచ్చింది. "యూ డిడ్ టెల్ అస్. థాంక్యూ." అంతే.

మునుపైతే ఎగిరి గంతేసేదాన్ని. ఈసారి ఆ చిన్న ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. మీరు చెప్పారు, ధన్యవాదాలు అంటోందా? చెప్పారులే మహా, ఎవరికి అర్థమయ్యేలా చెప్పారు గనక అంటోందా? పక్కకి తిరగబోయి ఆగిపోయాను. కుర్చీ ఖాళీగా ఉంది. లీడ్లకి కిటికీ పక్కన వేరే సీటు ఇస్తారు.

ఆ రోజు సాయంత్రం కాల్‌లో ఆ తప్పు గురించే చర్చ. తనే నడిపింది, బాగానే నడిపింది. చివర్లో అలవాటు ప్రకారం ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని అడిగింది. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్నకి నేను ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. మ్యూట్ తీశాను.

"మేడమ్, వన్ క్వశ్చన్. యువర్ మెయిల్ టుడే. ఇట్ ఈజ్ రియల్ థాంక్స్, ఆర్ జోక్ థాంక్స్?"

ఎవరో ముక్కుతో నవ్వారు. నిజమైన థాంక్సేనని ఆమె అంది. ఎందుకలా అడుగుతున్నారని అడిగింది. నేను చెప్పాను. ఎపిక్, బ్రేవ్, స్టామినా అన్నింటినీ మెచ్చుకోళ్లనుకున్నానని, ఏడింటిని అప్రైజల్‌కి జత చేశానని చెప్పాను. వ్యాకరణం ఎటు పోయిందో చూసుకోలేదు. మేనేజరు "మనం దీన్ని ఆఫ్‌లైన్‌లో..." అని మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ని ఆగమంది.

తర్వాత ఆమె చెప్పింది నాకు మొత్తం అర్థమైంది. ఆమె చాలా నిదానంగా మాట్లాడింది. మొదటి మెయిల్ మాత్రం తన నోటి దురుసు వల్ల రాసిందట. మర్నాడు అది తప్పనిపించి, నేను నొచ్చుకున్నానేమోనని మా టీమ్‌లో ఒకరిని అడిగిందట. ఆ ఒకరు, నాకు ఆ సరదా తెలుసని, చాలా నవ్వుకున్నానని, టీమంతా నన్ను ముద్దుగా నవలారాణి అంటుందని, అలాగే రాస్తూ ఉండమని, నాకు ఇష్టమని చెప్పారట. "ఐ వాజ్ టోల్డ్ యూ ఎంజాయ్‌డ్ ఇట్" అంది ఆమె. ఇష్టపడ్డావని నాకు చెప్పారు అని. ఆ తర్వాత "ఐ యామ్ సారీ" అంది. ముందూ వెనకా ఏ అలంకారమూ లేదు.

ఎవరు చెప్పారో ఆమె అనలేదు. అక్కర్లేదు కూడా. తెర మీద తన గడిలో కెమెరా ఆపేసి ఉంది. కానీ పార్టిషన్ పైనుంచి కిటికీ పక్క సీటు నాకు కనబడుతూనే ఉంది. తను కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది. మొదటిసారి తనకీ తెలియదని నా ముందు ఒట్టు పెట్టింది. ఆ మొదటి మెయిల్ వచ్చిన మర్నాడే, నాకు తెలుసని, నాకిష్టమని లండన్‌కి నా తరఫున జవాబు చెప్పిన మనిషి.

కాల్ అయ్యాక ఎవరేం మాట్లాడారో రాసి అందరికీ పంపడం లీడ్ పని. మినిట్స్ అంటారు. రాయనిది జరగనట్టే లెక్క. పావుగంటలో తన మినిట్స్ వచ్చాయి. అయిదు అంశాలు ఉన్నాయి. చిరునామా తప్పు, దాన్ని ఎవరు సరిచేస్తారు, ఎప్పటిలోగా, మళ్లీ పరీక్ష ఎప్పుడు, వచ్చే కాల్ ఎప్పుడు. నేను అడిగిన ప్రశ్న లేదు. ఆమె చెప్పిన జవాబు లేదు.

రిప్లై ఆల్ నొక్కాను. ఆరో అంశం రాశాను. గత రెండేళ్లలో టెస్టరుకి పంపిన మెయిళ్లలో హాస్యం ఉందని క్లయింటు స్పష్టం చేశారు. ఆ హాస్యం టెస్టరుకి తెలుసునని, ఇష్టమని టీమ్‌లోని ఒకరు క్లయింటుకి చెప్పారు. టెస్టరుకి తెలియదు. టెస్టరుకి ఇష్టం లేదు. నా జీవితంలో రాసిన మెయిళ్లలో ఇంత పొట్టిది లేదు. ఒక 'ద' ఎక్కువైందో తక్కువైందో చూడలేదు. పంపేశాను.

తను లేచి వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినని వాళ్లలా కూర్చున్నారు.

"అందరికీ పెట్టాలా? ఇన్నేళ్ల స్నేహం మనది. ముందు నన్ను ఒక్క మాట అడగొచ్చు కదే" అంది.

"రెండేండ్లు నిన్నే అడిగిన" అన్నాను.